కర్నల్ సి. కె. నాయుడు

క్రికెట్టు ఆట నేడు మూడు రూపములతో లోకమున వెలయుచున్నది. ఐదు దినములు సాగు టెస్టుపోటీ మొదటిది. పక్షమునకు ఏబది ఓవర్లు చొప్పున ఒక్క దినములో ముగియునది రెండవది. ఇరువది ఓవర్లతో మూడు నాలుగు గంటలలో తేలిపోవునది మూడవది. వీనిలో టెస్టుపోటీ జ్యేష్ఠము. అది 1877లో మెల్బోర్ను నగరమున పుట్టినది. ఒక్కదినపు అంతర్జాతీయ పోటీ 1971లోను, ఇరువది ఓవర్ల పోటీ 2003లోను పుట్టినవి. చిన్నది వచ్చినప్పుడెల్ల పెద్దదానికి కాలము చెల్లినదని తలచినవారు కలరు. కాని అది చెల్లలేదు. రాత్రివేళ విద్యుద్దీపముల వెలుగులో బంతులు ప్రేక్షకుల నడుమ పడుచుండగా కేరింతలు కొట్టు బాలురే, ఐదవనాటి కడపటి గంటలో ఇద్దఱు ఆటగాండ్రు తమ వికెట్లను కాచుకొనుచుండుటను ఊపిరి బిగబట్టి చూచుచున్నారు.

సిక్సర్లు కొట్టుట చిన్న ఆటలతోనే మొదలైనదని నేటి బాలురలో పెక్కుమంది యెంచుదురు. అది పొరపాటు. ఆ ఆటలు పుట్టుటకు ఎన్నో యేండ్లకు పూర్వమే, బరువైన బ్యాట్లుగాని తలకు రక్షణగాని లేని దినములలో, ఒక తెలుగువాడు ఈ దేశపు మైదానములలో బంతిని ఆకాశమున కెగురగొట్టి జనులను ఉఱ్ఱూతలూగించెను. ఆయన ఆడినదంతయు దినములకొలది సాగు పెద్ద ఆటయే. టెస్టుపోటీలలో భారతజట్టునకు తొలి నాయకుడైన ఆ మహనీయుడే కర్నల్ సి. కె. నాయుడు.

ఆయన పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. ఇంటిపేరును ఆంగ్లమున సి అను అక్షరముతో మొదలిడి వ్రాయుచుండుటచే సి. కె. అను పొడి అక్షరములు స్థిరపడినవి; అవియే కాలక్రమమున ఆయనకు ముద్దుపేరై నిలిచినవి. 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపురమున ఆయన జన్మించెను. వారిది ఆంధ్రదేశమునుండి మధ్యపరగణాలకు పోయి స్థిరపడిన తెలుగు కుటుంబము. తాత నారాయణస్వామి నాయుడు పేరుమోసిన న్యాయవాది, భూస్వామి, రాయబహదూరు బిరుదము గలవాడు. కాంగ్రెసు మహాసభకు దాని తొలినాళ్లలో తోడ్పడినవారిలో ఆయన యొకడు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చదివి వచ్చి, న్యాయవాదియై, హోల్కరు సంస్థానమున న్యాయాధిపతిగా పనిచేసెను. ఇట్లు కలిమికి, విద్యకు కొదువలేని యింట పెరిగినను, బాలుని మనస్సు పుస్తకములకంటె మైదానము వైపే లాగుచుండెను. హిస్లాప్ కళాశాలకు చేరిన ఉన్నత పాఠశాలలో చదువుచు, అచటి జట్టునకు ఆయన నాయకత్వము వహించెను. తమ్ములు కూడ ఆ దారినే నడచిరి. వారిలో సి. ఎస్. నాయుడు తరువాతి కాలమున టెస్టు ఆటగాడుగా ఖ్యాతి గడించెను.

ఆ కాలమున మన దేశములో ప్రధానమైన పోటీ బొంబాయి చతుర్ముఖ పోటీ. ఐరోపావారు, పారశీకులు, హిందువులు, మహమ్మదీయులు అను నాలుగు జట్లు అందు తలపడుచుండెను. మతమునుబట్టి జట్లను విడదీయుట వివేకము కాదని నేడు మనకు తెలియును. ఆనాడే కొందఱు పెద్దలు దానిని గర్హించిరి. కడకు ఆ పోటీ రద్దయ్యెను. కాని అప్పటి యువకులకు తమ శక్తి చూపుటకు దానికి మించిన వేదిక లేకుండెను. 1916లో ఐరోపావారిపై ఆడిన హిందూజట్టులో ఇరువదియొక్క యేండ్ల నాయుడునకు చోటు దొరకెను. పెద్ద తరగతి క్రికెట్టులో ఆయనకు అదియే తొలి ప్రవేశము.

ఆనాటి ఆట చెప్పుకొనదగినది. హిందూజట్టు 79 పరుగులకు ఏడు వికెట్లు పోగొట్టుకొని కష్టదశలో నుండెను. నాయుడు తొమ్మిదవవాడుగా బ్యాటు చేతబట్టి వచ్చెను. తొలి మూడు బంతులను అడ్డుకొని ఊరకుండెను. నాల్గవ బంతిని సిక్సరు కొట్టెను.

ఆ మూడు బంతులను మఱువరాదు. ఆయన ఆటయంతయు ఆ నాలుగు బంతులలోనే యున్నదని చెప్పవచ్చును. ఇరువది ఓవర్ల ఆటలో జట్టునకు దొరకునవి 120 బంతులు, వికెట్లు పది. బంతి వ్యర్థమగుటయే అచట పెద్ద నష్టము. ఒకడు పోయినను వెంటనే మఱియొకడు వచ్చి కొట్టును. పెద్ద ఆటలో లెక్క వేఱు. అచట బంతులకు కొదువలేదు, కొదువ వికెట్లకే. తొందరపడి బంతిని గాలిలోనికి లేపి దొరకిపోయినవాడు, తన వంతు మరల వచ్చువఱకు ఒకటి రెండు దినములు పెవిలియనులో కూర్చుండి, తన తప్పువలన జట్టు పడు పాట్లను కన్నులార చూడవలసివచ్చును. కావున అచట సిక్సరు కొట్టుటకు బలమొక్కటియే చాలదు. ఏ బంతిని విడువవలెనో, ఏ బంతిని కొట్టవలెనో తెలియవలెను. కొట్టదలచిన పిమ్మట వెనుదీయరాదు. నాయుడునందు ఈ రెండును కుదిరినవి.

ఆయన ఆరడుగులకు మించిన పొడవరి; నిటారైన విగ్రహము; నడకలో రాజసము. బంతిని కొట్టుటయే గాక, మెల్లగా త్రిప్పి విసరుటలోను, చురుకుగా పట్టుకొనుటలోను దిట్ట. 1923లో ఇందూరు ప్రభువైన మహారాజా తుకోజీరావు హోల్కరు ఆయనను తన సంస్థానమునకు ఆహ్వానించి, సైన్యమున కెప్టెను పదవి నొసగెను. ఇందూరే నాటినుండి ఆయనకు నివాసమయ్యెను. సైన్యమున క్రమముగా పైకి వచ్చి కర్నల్ అయ్యెను. సైనికుల క్రమశిక్షణ ఆయన స్వభావమునకు చక్కగా అతికినది. కాని కఠినుడని పేరు తెచ్చినదియు అదియే.

ఇక 1926వ సంవత్సరపు మాట. ఇంగ్లండునుండి ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున ఎం. సి. సి. జట్టు మన దేశమునకు వచ్చెను. నవంబరు 30, డిసెంబరు 1 తేదీలలో బొంబాయి జింఖానా మైదానమున ఆ జట్టు హిందూజట్టుతో తలపడెను. ఆ జింఖానా పాలకవర్గమువారి క్లబ్బు. భారతీయులు మైదానములో ఆడవచ్చును గాని క్లబ్బులో సభ్యులు కారాదు. ఆ భవనపు కప్పు, ఆ వసారాలు, అచట కూర్చుండు దొరలు - ఇవియన్నియు మనవారికి తమ స్థితిని నిత్యము గుర్తుచేయుచుండెను.

మొదటి దినము ఆంగ్లజట్టు 363 పరుగులు చేసెను. అందు గై ఎర్ల్ అను ఆటగాడు సిక్సర్లమీద సిక్సర్లు కొట్టి 130 పరుగులు సాధించెను. చూడవచ్చినవారు ఆ బలమునకు అబ్బురపడిరి. మఱునాడు నాయుడు మైదానములోనికి వచ్చెను. కొలదిసేపు బంతి నడకను పరీక్షించెను. పిదప ఆయన బ్యాటునుండి వెడలిన బంతులు చెట్లమీదను, డేరాలమీదను, జింఖానా భవనపు కప్పుమీదను పడజొచ్చెను. ఆ వార్త నగరమున దావానలమువలె వ్యాపించెను. గుమాస్తాలు కచేరీలు విడిచిరి. విద్యార్థులు తరగతులు విడిచిరి. వర్తకులు దుకాణములనుండి పరుగెత్తి వచ్చిరి. మైదానమున చోటు చాలక జనులు చుట్టునున్న చెట్లెక్కిరి, మేడలెక్కిరి. 116 నిమిషములలో నాయుడు 153 పరుగులు చేసెను. వానిలో పదకొండు సిక్సర్లు, పదమూడు ఫోర్లు. ఆంగ్లజట్టువారు ఆయన ప్రతిభను మెచ్చి వెండిబ్యాటు బహూకరించిరి.

ఆ పోటీ ఎవరి గెలుపును లేకయే ముగిసెను. దానిని చూచినవారికి ఆ చింత లేదు. ఫలితము తేలని ఆటను జనులు ముసలితనమువఱకు తలచుకొని మనుమలకు చెప్పుచుండుట వింతగా తోచవచ్చును. కాని పెద్ద ఆటలో ఇట్టి వింతలు కలవు. ఆనాటి జనులకు ఆ సిక్సర్లలో పరుగులు మాత్రమే కనబడలేదు. తమ్ము పాలించువారి ఆటలో, వారి మైదానముననే, వారికంటె బాగుగా తమవాడొకడు ఆడగలడని వారు కన్నులార చూచిరి.

గిల్లిగన్ సహృదయుడు. భారతదేశము టెస్టుపోటీలకు తగినదని ఆయన గ్రహించి, దేశమంతటికి ఒక సంఘమును స్థాపించుకొనుడని ఇచటి పెద్దలను ప్రోత్సహించెను. పటియాలా మహారాజు, గ్రాంట్ గోవన్, డిమెల్లో మున్నగువారు పూనుకొనగా 1928 డిసెంబరులో భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడెను. నాలుగేండ్లలోనే మన జట్టు టెస్టు ఆడుటకు ఇంగ్లండునకు పయనమయ్యెను.

ఆ 1932వ సంవత్సరపు జట్టును ఎన్నుకొనుటలో ఆటకంటె హోదాలకే ప్రాధాన్యము కలిగెను. ఆనాడు క్రికెట్టునకు ధనమిచ్చినవారు సంస్థానాధీశులు. నాయకత్వము కూడ వారికే చెందవలెనని తలపోయుట పరిపాటి. పోరుబందరు మహారాజు నాయకుడుగను, లింబ్డీ రాజవంశీయుడు ఉపనాయకుడుగను నియమింపబడిరి. అయితే పోరుబందరు ప్రభువు తన ఆటలోని కొఱతను తానే యెఱిగినవాడు. టెస్టుపోటీ సమీపింపగా ఆయన తప్పుకొనెను. అట్టి వినయము అధికారము గలవారిలో అరుదు. లింబ్డీ రాజకుమారుడును గాయపడి యుండెను. అందుచే నాయకత్వము నాయుడును వరించెను. ఒక సామాన్యుని క్రింద ఆడుటకు జట్టులో కొందఱు ఇష్టపడక, తెల్లవాఱకముందే మహారాజును లేపి మొరపెట్టుకొనిరని చెప్పుదురు. వారి మొర చెల్లలేదు.

1932 జూను 25వ తేదీన, లండను నగరమందలి లార్డ్స్ మైదానమున, ముప్పదియాఱేండ్ల నాయుడు తన జట్టును వెంటబెట్టుకొని మైదానములో ప్రవేశించెను. అంతకుముందు భారతీయులైన రంజిత్‌సింహుడు, దులీప్‌సింహుడు టెస్టులాడియుండిరి. కాని వారు ఇంగ్లండు పక్షమున ఆడిరి. భారతదేశము తన పేరిట ఆడుట అదియే ప్రథమము.

ఆ ఉదయము జరిగినది నమ్మశక్యము కానిది. ఇంగ్లండు తొలి జంట హోమ్స్, సట్‌క్లిఫ్. ఆ నెలలోనే వారిద్దఱును తమ యార్క్‌షైరు జట్టు పక్షమున 555 పరుగుల జోడు నెలకొల్పి ప్రపంచమును ఆశ్చర్యపరచియుండిరి. అట్టివారి వికెట్లను మహమ్మద్ నిసార్ తన వేగముతో గిఱవాటు వేసెను. అంతలో వూలీ పరుగెత్తబోయి లాల్‌సింగు విసరిన బంతికి ఔటయ్యెను. 19 పరుగులకు మూడు వికెట్లు! మైదానము నిశ్శబ్దమయ్యెను. పిదప ఇంగ్లండు నాయకుడు డగ్లస్ జార్డిను 79 పరుగులతో నిలద్రొక్కుకొనుటచే వారి లెక్క 259కి చేరెను. నిసార్ ఐదు వికెట్లు పడగొట్టెను. క్యాచి పట్టబోయిన నాయుడు చేతికి దెబ్బతగిలెను. ఆ గాయపడిన చేతితోనే ఆయన బ్యాటు పట్టి 40 పరుగులు చేసెను. మన జట్టు చేసిన 189లో అవియే అందఱికంటె ఎక్కువ. రెండవ వంతులో అమర్‌సింగు 51 పరుగులు చేసి టెస్టులలో తొలి అర్ధశతకము మన దేశమునకు సంపాదించెను. కడకు మనవారు 158 పరుగుల తేడాతో ఓడిరి. మొదటిసారి ఆడిన జట్టు మూడు దినములు ఎదిరించి నిలిచినది. ఆటను తేలికగా చూడవచ్చిన ఆంగ్లేయులు దానిని గౌరవించి వెడలిరి.

ఆ వేసవిలో నాయుడు ఇంగ్లండునందు 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీసెను. లార్డ్స్‌లో ఎం. సి. సి.పై శతకము కొట్టెను. బర్మింగుహాములో వార్విక్‌షైరుపై 162 పరుగులు చేసినప్పుడు ఆయన కొట్టిన సిక్సరొకటి మైదానము దాటి, చేరువనున్న రే అను చిన్న నదిని దాటి ఆవలి ఒడ్డున పడినదనియు, ఆ ఒడ్డు వేఱొక జిల్లాకు చెందుటచే బంతి ఒక జిల్లానుండి మఱొక జిల్లాకు పోయినదనియు జనులు నేటికిని ముచ్చటించుకొందురు. ఆ యేటి ఆటనుబట్టి, క్రికెట్టు పంచాంగముగా పేరొందిన విజ్డెన్ గ్రంథము 1933లో ఆయనను ఉత్తమ క్రీడాకారు లైదుగురిలో ఒకనిగా ఎన్నుకొనెను.

1933లో జార్డిను జట్టు మన దేశమునకు వచ్చెను. ఆ జార్డినును బొంబాయిలో జన్మించినవాడే. మన నేలపై తొలి టెస్టు అదే జింఖానా మైదానమున జరిగెను. ఏడేండ్ల క్రిందట సిక్సర్లు కురిపించిన నాయుడు ఈమాఱు వేఱొక పాత్ర ధరించవలసివచ్చెను. రెండవ వంతులో 21 పరుగులకు రెండు వికెట్లు పడగా, లాలా అమర్‌నాథ్ అను యువకుడు ఆయన సరసన నిలిచెను. అమర్‌నాథ్ విజృంభించి కొట్టుచుండగా, దూకుడునకు మాఱుపేరైన నాయుడు తన చేతిని తానే అదుపులో నుంచుకొని రెండవ కొనను కాచెను. ఆ జంట 186 పరుగులు చేర్చెను. అమర్‌నాథ్ చేసిన 118 పరుగులు భారతదేశము పక్షమున టెస్టులలో సాధింపబడిన తొలి శతకము. నాయుడు 67 చేసెను. ఇతరుని వెలుగునకు తాను దీపస్తంభముగా నిలుచుట ఆయనవంటి వానికి సులభమై యుండదు. ఆ పోటీలోను, ఆ పరంపరలోను మనవారు ఓడిరి. కాని చూచినవారెవ్వరును ఆ శతకమును మఱవలేదు.

1936లో జట్టు మరల ఇంగ్లండునకు పోయినప్పుడు నాయకత్వము నాయుడునకు దక్కలేదు. విజయనగర మహారాజకుమారుడు నాయకుడయ్యెను. ఇరువురును తెలుగు మూలములవారే యగుట ఒక విచిత్రము. ఆ పర్యటనలో కలహములు మిక్కుటమయ్యెను. అమర్‌నాథ్‌ను మధ్యలోనే స్వదేశమునకు పంపివేసిరి. ఆ కథ ఇచట విస్తరింప నక్కఱలేదు. నాయకత్వము పోయినంతమాత్రమున నాయుడు ఆటను విడువలేదు. ఓవల్ మైదానమున జరిగిన మూడవ టెస్టులో ఇంగ్లండు 471 పరుగులు చేయగా, మనవారు 222కే కూలి, వెంటనే రెండవసారి ఆడవలసివచ్చెను. ఇంగ్లండు నాయకుడు ఆలెన్ వేగముగా విసరిన బంతియొకటి నాయుడు శరీరమున బలముగా తాకెను. నలుబది యేండ్లవాడు, ఆ దెబ్బతో మఱియొకడైనచో వెడలిపోయి యుండును. ఆయన నిలిచి 81 పరుగులు చేసెను. జట్టు లెక్క 312కు చేరి, ఇన్నింగ్సు ఓటమి అను అపకీర్తి తప్పెను. లెక్క వేసి చూచిన, మన ఆధిక్యము 63 పరుగులే. ఆ 81 లేనిచో ఏమై యుండునో సులభముగా తెలియును. అదియే ఆయన కడపటి టెస్టు. ఆయన టెస్టులలో కనబడిన యత్యధిక సంఖ్యయు అదియే. పిదప ప్రపంచయుద్ధము వచ్చుటచే పదేండ్లు మన దేశమునకు టెస్టులే లేకపోయెను.

ఏడు టెస్టులు, 350 పరుగులు. అంకెలను మాత్రమే చూచువారు ఇంతేనా అందురు. ముప్పదియాఱవ యేట గాని దేశము ఆయనకు టెస్టు చూపలేదన్న సంగతిని అంకెలు చెప్పవు.

టెస్టులు పోయినను ఆట పోలేదు. ఇందూరు పట్టణమున హోల్కరు జట్టును ఆయన తీర్చిదిద్దెను. ముస్తాక్ అలీ బాలుడుగా నున్నప్పుడే వాని ప్రతిభను కనిపెట్టి చేరదీసెను. అభ్యాసమునకు ఆలస్యముగా వచ్చుట, దెబ్బ తగిలినదని వాపోవుట ఆయనయెదుట చెల్లెడివి కావు. శిష్యులు ఆయనను చూచి భయపడిరి. ఆయన వెంట ఎక్కడికైనను నడచిరి. రంజీ ట్రోఫీలో ఆ చిన్న సంస్థానపు జట్టు తొమ్మిదేండ్లలో ఎనిమిదిసార్లు తుదిపోటీకి చేరి, నాలుగుసార్లు గెలిచెను. 1945-46లో బరోడాపై, ఏబది యేండ్లు నిండిన పిదప, నాయుడు 200 పరుగులు చేసెను. ఆయన జీవితమున అదియే అత్యధిక సంఖ్య.

హోల్కరు ఓడిన తుదిపోటీలలో నొకటి మఱీ స్మరణీయము. అది 1945 మార్చిలో బొంబాయి జట్టుతో జరిగినది. ఫలితము తేలువఱకు ఎన్ని దినములైనను ఆడవలెనని నాటి నియమము. బొంబాయి 462 చేసెను. హోల్కరు 360 చేసెను. బొంబాయి మరల 764 చేసెను. నాయుడు తమ్ముడు సి. ఎస్. ఆ ఒక్క పోటీలో 917 బంతులు విసరెను. పెద్ద తరగతి ఆటలో అన్ని బంతులు విసరినవాడు మఱొకడు లేడు. ఇక హోల్కరు గెలువవలెనన్న 867 పరుగులు కావలెను! ఏ జట్టును ఎన్నడును అందుకొనని సంఖ్య అది. అయినను వారు చేతులెత్తి కూర్చుండలేదు. ముస్తాక్ అలీ ఆ పోటీలో రెండవ శతకము కొట్టెను. యుద్ధకాలమున ఆంగ్లసైన్యమున పనిచేయుచు ఇందూరు చేరువనుండి, హోల్కరు పక్షమున ఆడిన డెనిస్ కాంప్టను 249 పరుగులతో కడవఱకు ఔటుకాక నిలిచెను. హోల్కరు 492 వఱకు పోరాడి 374 పరుగులతో ఓడెను. ఇరుజట్లును కలిసి చేసినవి 2,078 పరుగులు. ఓటమి నిశ్చయమని యెఱిగియు రెండుపూటలు ఇంత మొండిగా ఆడు అవకాశము ఇరువది ఓవర్ల ఆట ఇయ్యజాలదు. దానికి అంత తీఱిక లేదు. అది దాని తప్పు కాదు.

1951-52 తుదిపోటీలో నాయుడునకు వయస్సు ఏబదియాఱు. బొంబాయి బౌలరు ఫడ్కరు వేసిన బంతి లేచి ఆయన మోమునకు తగిలెను. రెండు పండ్లు రాలిపడెను. అందఱును పరుగెత్తి వచ్చిరి. ఆయన వైద్యుని వలదని, పిచ్‌పై పడిన పండ్లను బ్యాటుతో ప్రక్కకు నెట్టి, మరల నిలువబడెను. తనపై జాలితో ఫడ్కరు వేగము తగ్గించుట ఆయన సహింపలేదు. వెనుకటివలెనే విసరుమని కోరెను. ఆనాడు ఆయన చేసినవి 66 పరుగులు. ఇట్టి సాహసమును నేటి బాలురు అనుకరింపరాదు. నేడు తలకు, మోమునకు రక్షణ ధరించియే ఆడవలెను. కాని అది లేని కాలమున నిలిచినవాని గుండెను మెచ్చుకొనక తప్పదు.

1953 అక్టోబరులో ఆంధ్రరాష్ట్రము అవతరించెను. ఆ 1953-54లోనే ఆంధ్రజట్టు రంజీ ట్రోఫీలో తొలిసారి ప్రవేశించెను. నాగపురమున పుట్టి, ఇందూరున పేరుగాంచిన నాయుడు ఏబదియెనిమిదేండ్ల ప్రాయమున ఆ జట్టు పక్షమున ఆడి, తన పూర్వుల నేలకు తన బ్యాటుతో నమస్కరించెను. 1956లో భారతప్రభుత్వము ఆయనకు పద్మభూషణ బిరుదము నొసగెను. క్రికెట్టు ఆటగానికి ఆ గౌరవము దక్కుట అదియే మొదలు. సన్మానముతో సంతసించి విశ్రమించుట ఆయనకు తెలియదు. 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టునకు నాయకుడై, అఱువదియొక్క యేండ్ల వయస్సున రాజస్థానుపై 84 పరుగులు చేసెను. మనుమల యీడువారు ఆయనకు బంతులు విసరి, ఆయన కొట్టిన బంతుల వెంట పరుగెత్తిరి.

తరువాతి కాలమున ఆయన జట్టుల నెన్నుకొను సంఘమునకు అధ్యక్షుడుగను, రేడియో వ్యాఖ్యాతగను పనిచేసెను. ఆయన కుమార్తె చంద్రా నాయుడు కూడ ఆ వ్యాఖ్యానవిద్య నభ్యసించి, మన దేశమున క్రికెట్టు వ్యాఖ్యానము చేసిన తొలి స్త్రీలలో నొకతెగా పేరు పొందెను. తండ్రి జీవితమును గ్రంథముగా వ్రాసెను.

1963-64లో ధర్మార్థముగా జరిగిన యొక పోటీలో మహారాష్ట్ర గవర్నరు జట్టు పక్షమున నాయుడు చివరిసారి ఆడెను. అప్పుడాయనకు అఱువదియెనిమిదేండ్లు. 1916లో మొదలైన ఆట, ఇట్లు నలుబదియేడేండ్లు సాగెను. 207 పోటీలు, 11,825 పరుగులు, 26 శతకములు, 411 వికెట్లు - ఇది ఆయన లెక్క. ఆ 1963వ సంవత్సరముననే ఇంగ్లండులో పక్షమునకు 65 ఓవర్లతో ఒక్కదినమున ముగియు కొత్త పోటీ మొదలయ్యెను. పాత ఆటకు ఇంతకాలము సిక్సర్ల వన్నె తెచ్చినవాడు బ్యాటు దించిన యేటనే చిన్న ఆట కన్ను తెఱచెను. ఆ ఆటలో ఆయన ఒక్క బంతియు ఆడలేదు. ఆడియున్నచో ఎట్లుండెడిదో ఊహించుట క్రికెట్టు ప్రియులకు నేటికిని ఇష్టమైన కాలక్షేపము.

1967 నవంబరు 14వ తేదీన ఇందూరున ఆయన కాలధర్మము నొందెను. క్రికెట్టునకు జీవితమంతయు సేవచేసినవారికి నియంత్రణ మండలి 1994నుండి ఆయన పేరిట పురస్కార మొసగుచున్నది. ఇరువదిమూడేండ్ల లోపు యువకులకై ఆయన పేరిట ఒక ట్రోఫీ కూడ నడుచుచున్నది. వేసవిలో ఇరువది ఓవర్ల పోటీలకు లక్షలాది జనులు క్రిక్కిఱిసి కూర్చుండు దేశముననే, ఆ ట్రోఫీకై ఆడు యువకులు ఖాళీ మైదానములలో తెల్లని దుస్తులు ధరించి, పోటీకి నాలుగు దినముల చొప్పున ఆడుచున్నారు. వారిలో ఎవడో ఒకడు తొలి మూడు బంతులను అడ్డుకొని, నాల్గవదానిని గోడ దాటించుచునే యుండును.